వేలెడు బ్రేకు ఆయిలు

సోమవారం పొద్దున కారు బానెట్ ఎత్తిన చిదంబరానికి ఒళ్ళు మండిపోయింది.

ఆయన ఎత్తింది అద్దం తుడిచే నీళ్ళ డబ్బా నింపుదామని. తీరా చూస్తే లోపల ఉన్నది ఇంజనో, చెత్తకుప్పో తెలియడం లేదు. ఎండుటాకులు, ఎలుక పోగేసుకున్న కొబ్బరి పీచు, ఎర్రమట్టి, దాని మీద నూనె, ఆ నూనె మీద మళ్ళీ మట్టి. వీటన్నిటికీ తోడు డ్రైవరు వైపు మూలన, బ్రేకు ఆయిలు డబ్బా కింద గొట్టం బిగించిన చోట తెల్లగా ఏదో పూసి ఉంది. వేలితో గీరితే ముద్దగా వచ్చింది. వాసన చూశాడు. విభూతి! అమ్మ తన చేత్తో పొట్లాలు కట్టి ఇచ్చే విభూతి!

"నుదుట పెట్టుకోమని ఇస్తే నట్లకి పూస్తాడా?" అని, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా పైకే అన్నాడు.

అమ్మ అంటే పైడమ్మగారు. ఒకప్పుడు ఆ కొండల్లో నర్సుగా తిరిగిన మనిషి. ఉద్యోగం అయిపోయాక ఘాట్ రోడ్డు పక్కన నాలుగు రేకుల గదులు వేసుకుని, ధ్యానానికని వచ్చినవాళ్ళకీ జ్వరంతో వచ్చినవాళ్ళకీ ఒకే రకం చాప పరుస్తూ ఉండిపోయారు. బయటివాళ్ళు దాన్ని ఆశ్రమం అంటారు. కొండమీది గూడేల వాళ్ళు మాత్రం అమ్మగారిల్లు అంటారు. అక్కడికున్నది ఒక్కటే కారు. పై గూడేల్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా కింద పట్నంలో ఆస్పత్రికి చేర్చేది అదే. ఇరవై ఏళ్ళుగా దాన్ని నడిపేది గౌరునాయుడు.

చిదంబరం మూడేళ్ళ కిందట వచ్చాడు. అంతకుముందు విశాఖపట్నంలో మందుల ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. గాజుగదిలో ఒక వెంట్రుక కనిపించినా రోజు ఉత్పత్తంతా ఆపించిన ఘనుడు. ఉద్యోగం వదిలేసి, నాకు ఉపదేశం ఇవ్వండమ్మా అని పైడమ్మగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ "ఇద్దాంలే నాయనా" అన్నారు. ఇప్పటికీ అదే మాట అంటున్నారు. ఈలోపు చిదంబరం వంటింటి గట్టు మీద చీమల్నీ, స్నానాల గదిలో పాచినీ, మనుషుల్లో అలసత్వాన్నీ పట్టుకునే పనిలో పడ్డాడు. చీమలూ పాచీ ఆయన మాట కొంత విన్నాయి.

బానెట్ అలాగే ఎత్తి ఉంచి, విసవిసా వెళ్ళి అమ్మ ముందు నిలబడ్డాడు. ఆవిడ చాప మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు.

"అమ్మా, ఈ గౌరునాయుడిని మీరు ఒక్క మాటా అనరేం?"

"ఏం చేశాడు?"

"ఏమీ చెయ్యకపోవడమే చేశాడు! ఇరవై ఏళ్ళ డ్రైవరట. ఇంజను మీద వంకాయ నారు పోయొచ్చు. పైగా మీ విభూతి తీసుకెళ్ళి ఆ జిడ్డులో పూశాడు. మూఢనమ్మకానికైనా హద్దుండాలి. శుభ్రం లేని చోట దైవం నిలుస్తుందా అమ్మా, మీరే చెప్పండి."

"నువ్వు శుభ్రం చేస్తానంటే నేనొద్దంటానా? నాయుడు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళాడు. రేపు పొద్దున వచ్చేస్తాడు. ఓ మాట వాణ్ణి అడిగి చెయ్యి."

"చెత్త ఎత్తెయ్యడానికి చెత్త పోసినవాణ్ణి అడగాలా?"

పైడమ్మగారు ఓ క్షణం ఆయన ముఖంలోకి చూశారు. మళ్ళీ గోంగూర కాడ అందుకున్నారు. ఆ చూపు చిదంబరానికి అనుమతిలా కనిపించింది. మనకు కావలసింది మనకు అలాగే కనిపిస్తుంది.

అయితే ఒకటి చెప్పుకోవాలి. పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. పైపు పెట్టి ఫెళ్ళున నీళ్ళు కొట్టి, ఆనక బండి స్టార్టవలేదని తల పట్టుకునే రకం కాదు. ముందు ఇంజను పూర్తిగా చల్లారే దాకా ఆగాడు. చెయ్యి ఆనించి చూసుకున్నాడు. బ్యాటరీకి నెగిటివ్ తీగ విప్పి, అది తిరిగి తగలకుండా గుడ్డ చుట్టాడు. ఆల్టర్నేటరుకూ, ఫ్యూజుల పెట్టెకూ, గాలి పీల్చుకునే గొట్టం మూతికీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బరు బ్యాండ్లు బిగించాడు. ఆకులూ పీచూ చేత్తో ఏరాడు. పొడి మట్టిని పొడిగానే బ్రష్‌తో దులిపాడు. తడి తగిలితే బురదవుతుందని తెలుసు.

ఆ తర్వాత జిడ్డు వదిలించే మందు కొద్దికొద్దిగా పిచికారీ చేసి, పదినిమిషాలు నాననిచ్చి, పళ్ళు తోముకునే బ్రష్‌తో సందుసందునా రుద్దాడు. బకెట్టుతో గుమ్మరించకుండా తడిగుడ్డ పిండి తుడిచాడు. గుడ్డ నల్లబడితే పక్కన పడేసి ఇంకోటి తీశాడు. అలా పదకొండు గుడ్డలు. విభూతి పూసిన చోటుకి వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని మనసులో క్షమాపణ చెప్పుకుని, అది కూడా తుడిచేశాడు. అక్కడే బ్రేకు ఆయిలు డబ్బా కనబడింది. ఆయిలు పై గీతకి వేలెడు కింద ఉంది.

"ఇది కూడా చూసుకోడన్నమాట!"

షెడ్డులో మూత తియ్యని సీసా ఉంటే తెచ్చి, డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడిచి, ఒక్క చుక్క బయట పడకుండా పై గీత దాకా నింపాడు.

మధ్యాహ్నం దాకా ఆరనిచ్చాడు. సంచులు తీసి, తీగ బిగించి, తాళం తిప్పితే ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. అక్కడితో ఆగితే ఆయన చిదంబరం ఎందుకవుతాడు? పట్నం నుంచి తెప్పించుకున్న మెరుపు ద్రవం తీసి రబ్బరు గొట్టాలకీ, ప్లాస్టిక్ మూతలకీ, తీగలకీ, ఇనుప గొట్టాలకీ కూడా పట్టించాడు. సాయంత్రానికి బానెట్ కింద పెళ్ళివారి స్టీలు సామాను పరిచినట్టుంది. ఆశ్రమంలో ఉన్న నలుగురినీ పిలిచి చూపించాడు. పైడమ్మగారు కూడా వచ్చి చూశారు.

"బాగా తళతళలాడుతోంది," అన్నారు.

చిదంబరం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున ఏడింటికి కారు వెనక సీట్లో చామంతి కూర్చుని ఉంది. పై గూడెం పిల్ల. ఇరవై నిండలేదు, ఎనిమిదో నెల. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. భర్త పక్క రాష్ట్రానికి పనికి పోయాడు. అక్క ఆస్పత్రి దగ్గర ఎదురుచూస్తానంది. కాన్పుల డాక్టరు ఆ ఆస్పత్రికి వచ్చేది మంగళవారాలే. పన్నెండు దాటితే ఉండదు.

గౌరునాయుడు చెల్లెలింటి నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చాడు. చామంతిని పలకరించి బానెట్ ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

పక్కనే మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని చిదంబరం ఉన్నాడు.

"ఏటి బాబూ ఇది? ఎవలు సేసినారు?"

"నేనే. నిన్నంతా పట్టింది."

"ఇక్కడ ఇబూది రాసీసుంచినాను. తుడిసీసినారా?"

"తుడవక? అమ్మ ప్రసాదాన్ని జిడ్డులో పూయడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

"పెసాదమని రాయలేదు బాబూ. శనివారం నాడు బ్రేకు తొక్కితే కూసింత కిందకి దిగినట్టనిపించింది. లీకుందేమోనని ఆ గొట్టం ముడికి పొడి రాసినాను. కారితే పొడి తడిసిపోద్ది, తెలిసిపోద్ది. పొద్దున సూసి, పొడిగుంటే బండి దించుదారనుకున్నాను. తడిసితే ఆటో పిలుద్దారని." గౌరునాయుడు లోపలికి వంగి వేలితో గొట్టాన్ని తడిమాడు. వేలు మెరుస్తూ బయటికొచ్చింది. ఇంకో గొట్టాన్ని తడిమాడు. మళ్ళీ మెరిసింది. "ఇప్పుడంతా ఒకేలా మెరుస్తంది. ఏది తడో ఏది మెరుపో ఎలా తెల్సుద్ది నాకు? పోనీ, మీరు తుడిసినప్పుడు ఆ పొడి పొడిగుందా, ముద్దగుందా?"

"జిడ్డులో పూస్తే ముద్ద కాక మరేమవుతుంది?"

గౌరునాయుడు ఈసారి డబ్బా వైపు వంగాడు. ఆయిలు సరిగ్గా పై గీత మీద నిలబడి ఉంది.

"ఇది కూడా నింపీసినారా?"

"నువ్వు నింపకపోతే మరెవరు నింపాలి? వేలెడు తగ్గి ఉంది. వేలెడు! రోగులను ఎక్కించుకునే బండి అది."

"ఏలెడా?"

గౌరునాయుడు బానెట్ దించాడు. తలుపు దగ్గరికెళ్ళి, తాళం చెవి తీసుకొచ్చి చిదంబరం ఎదుట బానెట్ మీద పెట్టాడు.

"ఈ బండి నేను దించను బాబూ. మా తోడల్లుడికి ఆటో ఉంది, ఫోను సేస్తాను. గంటలో వచ్చెస్తాడు."

చిదంబరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? పదకొండు గుడ్డలు నల్లబడేలా తోమితే ఒక్క మంచిమాట లేదు. పైగా నేరం చేసినవాణ్ణి అడిగినట్టు ఆ ప్రశ్నలేమిటి? నిండు చూలాలు గంటనుంచి కూర్చుని ఉంటే, గుంతల రోడ్డు మీద ఆటోలో కుదిపి తీసుకెళ్తాడట! ఇది జాగ్రత్తా, పౌరుషమా? తన మురికిని ఎత్తి చూపినందుకు, ఆ కచ్చ కడుపులో బిడ్డ మీద తీర్చుకుంటున్నాడు.

ఇదంతా ఆయన మనసులో అనుకోలేదు. పైకే అన్నాడు. చామంతి కారు కిటికీలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అంత మాటనకండి బాబూ," అన్నాడు గౌరునాయుడు. ఆ గొంతులో కూడా కోపం ఉంది, కానీ దాన్ని అతను నమిలి మింగాడు. "నాకూ పిల్లలున్నారు."

చిదంబరం తాళం చెవి లాక్కుని అమ్మ గదికి వెళ్ళాడు. గుమ్మం బయట నుంచే మొదలుపెట్టాడు. జరిగిందంతా చెప్పాడు. విభూతి సంగతి, వేలెడు ఆయిలు సంగతి, ఆటో సంగతి. ఏదీ దాచలేదు. దాచవలసింది ఏమీ లేదనే ఆయన నమ్మకం.

"అమ్మా, ఇక నేనుండాలో అతనుండాలో మీరు తేల్చండి. లేదంటే ఈ ఒక్క పూటకీ నాకు అనుమతివ్వండి. నాకు లైసెన్సుంది. చామంతిని నేను దించుతాను. ఇంజను ఎంత బాగా పలుకుతోందో మీరే వినండి. ఆ కారు సంగతి నాకు తెలుసు. దానిలో నా చెయ్యి తగలని చోటు లేదు."

పైడమ్మగారు మంచం మీంచి లేచారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు ఓ పట్టాన చెప్పిన మాట వినవు. గూట్లో శాలువా తీసి భుజాన వేసుకున్నారు. గోడ పట్టుకుని మెట్లు దిగి, షెడ్డు వైపు నడిచారు. మధ్యలో గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తున్న ముసలాయనతో ఏదో చెప్పారు. కారు ముందు తలుపు తెరిచి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నారు.

"పద నాయనా," అన్నారు.

గౌరునాయుడి ముఖం పాలిపోయింది. "అమ్మా! మీరెందుకమ్మా ఎక్కినారు? దిగండమ్మా."

"నువ్వూరుకో నాయుడూ."

చిదంబరం ఛాతీ పొంగింది. ఘాట్ రోడ్డు మలుపులకి కళ్ళు తిరుగుతాయని నాలుగేళ్ళుగా కిందికి దిగని అమ్మ, ఈవేళ తన పక్కన కూర్చున్నారు. తీర్పు ఇంతకన్నా ఎలా చెప్తారు? గౌరునాయుడి వైపు ఓ చూపు విసిరి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను మెత్తగా పలికింది. షెడ్డు నుంచి గేటు దాకా నలభై అడుగుల చదును నేల. గేటు దాటిన దగ్గర్నుంచీ దిగుడే. పదమూడు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ.

ఎప్పుడూ తెరిచి ఉండే గేటు ఆ పొద్దున మూసి ఉంది.

"ఈ గేటొకటి!" అని విసుక్కుని బ్రేకు తొక్కాడు. కారు చక్కగా ఆగింది. చిదంబరం దిగి వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు.

కింద రోడ్డు కనిపిస్తోంది. మొదటి మలుపులో వెదురు లోడుతో ఒక లారీ ముక్కుతూ ఎక్కి వస్తోంది. తను వెళ్ళేటప్పుడు దానికి దారివ్వాలి. లోయ పక్కకి జరిగి ఆగాలి. ఆగాలంటే బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. మంచిదే, బ్రేకు బాగానే ఉంది, ఇప్పుడే చూశాను కదా. డబ్బాలో ఆయిలు నిండుగా ఉంది, నేనే నింపాను కదా.

నింపాను. ఎందుకు నింపాను? వేలెడు తగ్గింది కాబట్టి.

మరి ఆ వేలెడు ఎక్కడికి పోయింది?

గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. నిన్న తను తుడిచిన ముందు అద్దంలోంచి పైడమ్మగారు కనిపిస్తున్నారు. మలుపులంటే పడదు కనుక, కొంగు ముందే నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో సీటు అంచు పట్టుకుని కూర్చున్నారు. ఆ చెయ్యి చాలా సన్నగా ఉంది. ఈ సంగతి ఆయన ఇదివరకెప్పుడూ గమనించలేదు.

గేటు తియ్యకుండానే వెనక్కి నడిచి వచ్చాడు. ఇంజను ఆపి, చేతిబ్రేకు లాగి, ఆవిడ వైపు తలుపు తెరిచాడు.

"అమ్మా, మీరు దిగండి."

"ఏం నాయనా?"

"ఊరికే. ఓసారి... ఓసారి నాయుడి చేత బ్రేకు చూపిద్దాం. అంతవరకూ మీరు దిగి కూర్చోండమ్మా."

పైడమ్మగారు దిగలేదు. ఆవిడకి కోపం వస్తుందని చిదంబరానికి అప్పటిదాకా తెలియదు. గొంతు పెంచలేదు. కొంగు నోటి మీద నుంచి తీసి, ఆయన కళ్ళలోకి సూటిగా చూశారు.

"నేను ఇప్పుడే ఎక్కాను. వెనక ఆ పిల్ల గంట నుంచి కూర్చునుంది. దాన్ని దిగమనలేదేం?"

చిదంబరం తల తిప్పి చూశాడు. వెనక సీట్లో చామంతి, తనకేదో తప్పు అంటగడుతున్నారనుకుందో ఏమో, పొట్ట మీద చెయ్యి వేసుకుని ఓ పక్కకి ఒదిగింది.

ఆయన తాళం చెవి తీసి గౌరునాయుడికి ఇచ్చాడు. ఆటోకి ఫోను చెయ్యమన్నాడు. తర్వాత వెనక తలుపు తెరిచి, ఆ పిల్ల చెప్పులు వెతికి, వాచిన పాదాల ముందు పెట్టాడు.